నెన్చో కాలి చిటికెన వేలు

ఫ్లోరెన్స్, 1508 జనవరి 19

లాపక్కకి,

మన తోలుపనివాళ్ళ సంఘం పెద్ద గారి అత్తగారు యాత్రకని ఇక్కడికొచ్చి, అగ్నోలో గారి చిత్రశాల కిటికీలోంచి లోపలికి తొంగి చూసిందట. ఇప్పటికి మన ఊరు పేషా చేరి ఉంటుంది. నీకేం చెప్పి ఉంటుందో ఊహించగలను. నీ తిట్లు ఇక్కడికి రాకముందే సంగతి చెప్పేస్తే మంచిదని ఈ ఉత్తరం.

నేను బట్టల్లేకుండా నిలబడుతున్న మాట నిజమే. కానీ వీధిలో కాదు, కుంపటి పక్కన. ఆరుగురు మగవాళ్ళు చుట్టూ కూర్చుని ఎర్ర సుద్దతో నన్ను గీస్తుంటారు. వాళ్ళ కళ్ళకి నేను నెన్చోని కాను. ఒక భుజం, ఒక వీపు, రెండు పిక్కలు, అంతే.

కిందటి వసంతంలో, కత్తితో చర్మం ఒలిపించుకుని ప్రాణం విడిచిన మన బర్తొలొమయి పునీతుడి బొమ్మ కోసం సంఘం ఇచ్చిన ఒప్పందం కాగితం, కానుక తోళ్ళ మూటలు పట్టుకుని ఈయన దగ్గరికి వచ్చాను కదా. మూటలు దించుతుంటే వెనక నిలబడి చూశాడు. "చొక్కా విప్పు" అన్నాడు. నా నలభై రెండేళ్ళలో నా వీపుని ఎవరూ మెచ్చుకోలేదక్కా. అమ్మ కూడా కొట్టడానికే చూసింది. ఈయన మాత్రం దాని చుట్టూ మూడుసార్లు తిరిగి, "ఇది నాక్కావాలి" అన్నాడు.

ఆయన పద్ధతి ఏమిటంటే, ముందు బొమికలు గియ్యాలి. వాటిమీద కండలు, కండలమీద చర్మం, అన్నిటికన్నా ఆఖర్న బట్టలు. మెడదాకా అంగీ తొడుక్కున్న బిషప్పునైనా ముందు దిసమొలగానే గీస్తాడు. "అంగీ కింద మోకాలెక్కడుందో తెలియనివాడికి మడత ఎక్కడ పడుతుందో ఎలా తెలుస్తుంది?" అంటాడు. ఇసుక గడియారం రెండుసార్లు ఖాళీ అయ్యేదాకా నేను చెయ్యి పైకెత్తి, దూలానికి కట్టిన తాడు పట్టుకుని నిలబడాలి. ముక్కు దురద పెట్టినా కదలకూడదు. లోకంలో ఇంతకన్నా కష్టమైన పని లేదు, కానీ ఈ పనిలో కంపు లేదు.

అమ్మ మీద ఒట్టు, జలుబు చెయ్యలేదు.

నీ తమ్ముడు, 
నెన్చో

&nbsp;

పేషా, ఫిబ్రవరి 8

ఒరేయ్ నెన్చో,

జలుబు సంగతి ఎవడడిగాడురా నిన్ను? ఆ ముసలమ్మ చర్చి మెట్లమీద నిలబడి నీ గురించి చెబుతుంటే ఊళ్ళో ఆడవాళ్ళందరూ ముక్కుమీద వేలేసుకుని విన్నారు. వేలు తీసి "ఇంకా చెప్పు" అన్నవాళ్ళూ ఉన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

నీ వీపు ఎంత గొప్పదో తర్వాత మాట్లాడుకుందాం. ముందు మన లందల సంగతి చూడు. ఎనిమిది లందల్లో తోళ్ళు ఊరుతున్నాయి. వాటిని రోజూ తిప్పేది నేను, వాటిలో వేసే చెట్టుబెరడు దంచేది నేను, ఆరబెట్టేది నేను. అందుకే నిన్ను చెవి పట్టుకుని లాక్కురావడానికి రెండు రోజుల దారైనా నడవలేకపోతున్నాను. కానీ లందలు నీ పేరు మీద ఉన్నాయి. బర్తొలొమయి పండుగ నాడు చర్చిలో ఆ పాత కత్తిమీద చెయ్యి పెట్టి, "ఈ ఊళ్ళోనే ఉండి నా లందలు నేనే నడుపుతున్నాను" అని మగవాడు చెప్పుకోవాలి. కిందటేడు నువ్వు రాలేదు. ఈ ఆగస్టు ఇరవై నాలుగున కూడా రాకపోతే పెదనాన్న కొడుకు గెరార్దోకి పోతాయి. వాడు అప్పుడే వచ్చి లందల లోతు కర్రతో కొలుచుకుని పోయాడు. నన్ను చూసి నవ్వాడు కూడా.

నువ్వు చచ్చిపోయినా నాకు ఇంతకన్నా మేలు జరిగేది. పోయినవాడి పెళ్ళానికో అక్కకో బతికున్నంత కాలం లందలు ఉంచుతారు, అది సంఘం రివాజు. దేశాలు పట్టిపోయినవాడి అక్కకి మాత్రం ఏమీ లేదు. ముప్ఫై ఏళ్ళు ఈ కంపులో నానిన చేతులు నావి. ఇవి తీసుకుని ఎక్కడికి పొమ్మంటావు?

బట్టలు తొడుక్కుని ఇంటికి రా.

లాప

&nbsp;

ఫ్లోరెన్స్, మార్చి 3

అక్కా,

పండుగకి వస్తాను. కత్తిమీద చెయ్యి పెడతాను. గెరార్దో కొలకర్ర విరిచి లందలో పారేస్తాను. ఇక ఆ మాట వదిలెయ్. వేసవిలోగా మన బర్తొలొమయి బొమ్మ పూర్తవుతుంది, దానికి ఒళ్ళు నాది. మధ్యలో వదిలేసి వస్తే పునీతుడికి నడుం పైభాగమే మిగులుతుంది.

ఇక్కడ నా పరపతి పెరిగింది. ఎలాగో చెబుతాను. ఈ చలికాలంలో అగ్నోలో గారు దిక్కూమొక్కూ లేనివాళ్ళ ఆసుపత్రికి వెళ్తున్నారు. పోయినవాళ్ళని పూడ్చేముందు చర్మం కింద ఏముందో చూసి గీసుకోవడానికి అక్కడి పెద్ద పాదిరీ అనుమతి ఇచ్చాడు. ఎండలు వస్తే శవం ఆగదు కాబట్టి ఇది చలికాలం పని. మొదటి రోజు శిష్యుల్లో ఇద్దరు కళ్ళు తిరిగి పడ్డారు, ఒకడు గోడ పట్టుకుని వాంతి చేసుకున్నాడు. నన్ను దీపం పట్టుకోవడానికి తీసుకెళ్ళారు. ఆ వాసనకి నాకేమవుతుంది, మనం పావురాల రెట్టలో తోళ్ళు పిసికినవాళ్ళం. నేను దీపం పట్టుకుని రొట్టె తింటూ నిలబడ్డాను.

అగ్నోలో గారు భుజం కండని ఎముక పైనుంచి పోతున్నట్టు గీస్తున్నాడు. "అయ్యా, అది పైనుంచి పోదు, కిందికి దూరుతుంది. దూడ తోలుకి అక్కడే కండ అంటుకుని ఉంటుంది, గీకలేక చస్తాం" అన్నాను. అందరూ నా వైపు తిరిగారు. ఆయన కత్తి మొనతో కొంచెం పక్కకి జరిపి చూశాడు. కిందికే దూరింది. అప్పటినుంచి నన్ను "మాస్టరు నెన్చో" అంటున్నాడు. సగం వెటకారమేలే, మిగతా సగం చాలు నాకు.

ఇంకొకటి నేనే చెప్పడం మంచిది. కన్యస్త్రీల మఠం కోసం మరియమ్మ బొమ్మ వేస్తున్నారు. ఇక్కడ ఆడవాళ్ళు బొమ్మకి నిలబడరు. కాబట్టి మరియమ్మకి కూర్చున్నది కూడా నేనే. ఒళ్ళో బిడ్డకి బదులు పిండి మూట పెట్టారు.

తిట్టవలసిందంతా ఒకే ఉత్తరంలో తిట్టెయ్.

నెన్చో

&nbsp;

పేషా, మార్చి 25, మరియమ్మకి దేవదూత కబురు చెప్పిన పండుగ

నెన్చో,

ఇవాళ చర్చిలో మరియమ్మ ముందు మోకరిల్లి కళ్ళు మూసుకుంటే నీ మోకాళ్ళు కనిపించాయి. వెంట్రుకలతో సహా. ప్రార్థన సగంలో ఆగిపోయింది. ఈ పాపం నీ ఖాతాలోదే.

భుజం కండ సంగతి నిజమే. అయినా అది నీకు నేర్పింది నేను. ఆ మాట ఆయనతో చెప్పావా?

గెరార్దో మళ్ళీ వచ్చాడు. మూడో లంద పక్క గోడ పడగొట్టి వెడల్పు చేయిస్తాడట. "ఎవరి గోడరా?" అన్నాను. "అప్పటికి నాదే కదా అక్కా" అన్నాడు. దంచే రోకలి నా చేతిలోనే ఉంది. వాడి అదృష్టం, పాదిరీ గారు అప్పుడే అటు వచ్చారు.

చెస్ట్‌నట్ పిండి పంపాను. మరియమ్మ ఒళ్ళో పెట్టుకోవడానికి కాదు, తినడానికి.

లాప

&nbsp;

ఫ్లోరెన్స్, మే 10

అక్కా,

నీకో బహుమతి పంపాను, ఇది అందేసరికి చేరిపోయి ఉంటుంది. ఉప్పుబండి ఒకటి మీవైపు బయలుదేరుతుంటే కాగితం చుట్ట కట్టి, నీ పేరు చెప్పి ఇచ్చేశాను. ఉత్తరం రాసే తీరిక దొరకలేదు. ఈ ఉత్తరం లూకా ఊరికి వెళ్ళే సన్యాసి చేతికి ఇస్తున్నాను. ఆయన ప్రతి మఠంలోనూ రెండేసి రోజులు భోజనం చేస్తూ వస్తాడు, ఎప్పుడు చేరతాడో దేవుడికే తెలియాలి.

బొమ్మ చూసి భయపడకు. ఆ మొహం, ఆ నిలబడ్డ తీరు, కాలి వేళ్ళు నావి. చర్మం కింది కండలు మాత్రం నావి కావు. ఆసుపత్రిలో పోయిన ఒక మనిషివి. చలి పోకముందే అతని నుంచి ముక్క ముక్కగా గీసుకున్న కాగితాలన్నీ ముందు పెట్టుకుని, నన్ను ఎదురుగా నిలబెట్టి, నా ఒంటిమీద ఎక్కడ ఉబ్బు ఉందో అక్కడ లోపల ఏముంటుందో నింపాడు అగ్నోలో గారు. శిష్యులు నేర్చుకోవడానికి ఇంకో నకలు తీసుకుని, ఇది నాకిచ్చారు. "మీ అక్కకి పంపు, భుజం ఆవిడ చెప్పిందే కదా" అన్నారు. చూశావా, చెప్పాను నీ పేరు.

గోడకి తగిలించుకో.

నెన్చో

&nbsp;

పేషా, మే 20

నెన్చో,

ఈ ఉత్తరం నీకు చేరదని తెలిసీ రాస్తున్నాను. దీన్ని నీ సమాధి దగ్గర చదివి మట్టిలో పెట్టమని అగ్నోలో గారిని పై కాగితంలో వేడుకున్నాను.

ఉప్పుబండివాడు కాగితం చుట్ట గుమ్మంలో పెట్టి, మాట కూడా చెప్పకుండా పోయాడు. విప్పాను. నువ్వే. చెయ్యి పైకెత్తి నిలబడ్డావు, ఒంటిమీద చర్మం లేదు. ఎడమకాలి చిటికెన వేలు బయటికి వంగి ఉంది. నీకు తొమ్మిదేళ్ళప్పుడు తోళ్ళు ఆరేసే దుంగ నేను జారవిడిస్తే విరిగిన వేలు. ఆ వేలు ఇంకెవరికి ఉంటుంది?

అయినా నమ్మలేదు. కసాయి నోఫ్రిని పిలిచాను. అతను కాగితం వెలుతురులో పెట్టి చాలాసేపు చూశాడు. టోపీ తీశాడు. "లాపా, ఇరవై ఏడేళ్ళుగా దూడల్ని కోస్తున్నాను. పిక్క కండ రెండుగా చీలి మడమ నరంలో కలిసేది కత్తి పెట్టందే కనబడదు. ఊహించి గీసింది కాదిది, విప్పి గీసింది" అన్నాడు. భుజం కండ కూడా ఎముక కిందికి దూరి ఉంది. నాకూ తెలుసు, నేనూ చూశాను. శవాల్ని కోసి గీస్తారని నువ్వే రాశావు. నువ్వు పోతే నిన్ను మాత్రం ఎందుకు వదులుతారు?

చలికి ఒంటిమీద నూలుపోగు లేకుండా నిలబడితే చావరూ? జలుబు చెయ్యలేదన్నావు. చిన్నప్పటినుంచీ నువ్వు అబద్ధాలకోరువే.

ఏడు పూజలు చెప్పించాను. పెద్ద కుండతో అలసందలు వండి ఊరందరికీ పెట్టాను. గెరార్దో అందరికన్నా గట్టిగా ఏడ్చాడు. పోయినవాడి అక్కకి లందలు ఉంటాయని సంఘం పెద్ద రివాజు చదివి వినిపించగానే వాడి ఏడుపు టక్కున ఆగింది. నా చేత కత్తిమీద చెయ్యి పెట్టించారు. లందలు నావయ్యాయి నెన్చో. నువ్వు చస్తే మేలన్నాను కదా, ఆ మాట రాసిన చెయ్యే అది. దాన్ని చూస్తే అన్నం ముట్టబుద్ధి కావడం లేదు.

నిన్ను ఎన్ని తిట్టినా, సాయంత్రం లంద గట్టుమీద కూర్చుని నీ పిచ్చి కబుర్లు వినడం నాకు ఇష్టం. ఆ మాట నీకెప్పుడూ చెప్పలేదు.

అగ్నోలో గారికి ఒక మనవి. వాడి చర్మం ఎక్కడ పెట్టారో అది కూడా ఒంటితోపాటు పూడ్చండి. తోలుపనివాళ్ళ బిడ్డ చర్మం ఊరికే పారెయ్యకూడదు.

లాప

&nbsp;

ఫ్లోరెన్స్, జూన్ 1

అక్కా,

బతికే ఉన్నాను. నిక్షేపంగా ఉన్నాను. పొద్దున పేగుల కూర రెండుసార్లు వడ్డించుకున్నాను.

నీ ఉత్తరం వచ్చేసరికి నేను చెయ్యి పైకెత్తి నిలబడి ఉన్నాను. అగ్నోలో గారు పై కాగితం చదివి, నన్ను ఎగాదిగా చూసి, "నీ సమాధి దగ్గర చదవమన్నారు. కదలకుండా నిలబడు" అన్నాడు. అందరి ముందూ గట్టిగా చదివాడు. నోఫ్రి టోపీ తీశాడన్న దగ్గర అందరూ పడీ పడీ నవ్వారు. "ఇంతకు మించిన మెప్పు నాకు ఎవరిస్తారు?" అని ఆయన ఆ వాక్యం రెండుసార్లు చదువుకున్నాడు. లంద గట్టు మీది కబుర్ల మాట దగ్గరికి వచ్చేసరికి ఎవరూ నవ్వలేదు. నా కళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీగా లేదు. ఆయన చదవడం ఆపి సుద్ద తీశాడు. మన బర్తొలొమయి కళ్ళలో నీళ్ళుంటాయి చూడు, అవి నీవల్లే.

నిన్ను ఏడిపించినందుకు నన్ను నాలుగు తన్ను. ముందు ఉత్తరం పంపి తర్వాత బొమ్మ పంపాల్సింది. నాలాంటి తెలివితక్కువవాణ్ణి పిండి మూటలా ఒళ్ళో పెట్టుకుని మోశావు ఇన్నాళ్ళూ.

వెంటనే బయలుదేరుతున్నాను. బతికున్నట్టు అందరికీ చూపించి, కత్తిమీద చెయ్యి పెట్టి, ఇక అక్కడే ఉంటాను. నీకు అబద్ధం ఆడను. లందల వాసన తలుచుకుంటే కడుపులో తిప్పుతుంది. చిన్నప్పటినుంచీ అంతే, నాన్నకి చెప్పే ధైర్యం లేకపోయింది. శవం వాసనకి రొట్టె తిన్నానని కోతలు కోశాను కానీ, ఇంటికొచ్చాక కక్కేశాను. ఇక్కడ నేను సుద్ద పట్టడం కూడా మొదలుపెట్టాను. చేతులు బానే గీస్తున్నాను, కాళ్ళు ఇంకా అలసందల మూటల్లా వస్తున్నాయి. అదంతా పోతే పోనీ. నువ్వు ఏడవడం మాత్రం నాకొద్దు.

బతికున్న నీ తమ్ముడు, 
నెన్చో

&nbsp;

పేషా, జూన్ 14

ఒరేయ్ దరిద్రుడా,

నీ ఉత్తరం చదివి లంద గట్టుమీద కూలబడ్డాను. నవ్వానో ఏడ్చానో నాకే తెలియదు. పక్కింటివాళ్ళు తమ్ముడి మీద బెంగ అనుకుని చారు తెచ్చి పెట్టారు. తిన్నాను, ఆకలేసింది.

మూట కట్టి ఉంటే విప్పెయ్. రావద్దు.

కోపంతో అనడం లేదు, నిదానంగా చదువు. నువ్వు బతికి వస్తే లందలు మళ్ళీ నీవవుతాయి, నేను మళ్ళీ నీ పనిమనిషినవుతాను, నువ్వు కడుపులో తిప్పుకుంటూ గట్టుమీద కూర్చుంటావు. ఏదో ఒక రోజు పారిపోతావు, గెరార్దో కొలకర్రతో వస్తాడు. నువ్వు పోయినవాడిగా ఉంటే లందలు నేను పోయేదాకా నావి. ముప్ఫై ఏళ్ళు నడిపిన లందలు నా పేరుమీద ఉన్నాయని చెప్పుకుంటే ఎలా ఉంటుందో ఈ నాలుగు వారాల్లో తెలిసింది. నడుం నొప్పి కూడా తగ్గింది.

ఇది తప్పేమో అనిపించి, పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనానికి వెళ్ళాను. నీ పేరు చెప్పకుండా, పోనివాడికి పూజలు చెప్పిస్తే ఏమవుతుందని అడిగాను. పాదిరీ గారు, "పూజ వృథా కాదమ్మా, అవసరమున్నవాడికి చేరుతుంది" అన్నారు. తర్వాత, "గెరార్దోని మాత్రం గోడ పడగొట్టనివ్వకు" అన్నారు. ఆయనకి అర్థమైంది, నాకూ అర్థమైంది.

అప్పుడు గుర్తొచ్చింది. నీ సన్యాసి మొన్ననే కాళ్ళీడ్చుకుంటూ వచ్చి మే నెల ఉత్తరం ఇచ్చాడు. ఆ బొమ్మలో చర్మం కింద ఉన్న మనిషెవరు? నేను అంతసేపు ఏడ్చింది అతని ఒంటిని చూసే కదా. మొహం, వేలు మాత్రమే నీవి. పేరు కనుక్కుని రాయి.

ఇక నుంచి చచ్చినవాడిలా బుద్ధిగా ఉండు. తోళ్ళు తిప్పడానికి ఒక మనిషిని పెట్టుకుని, వచ్చే వసంతంలో యాత్ర పేరు చెప్పి నేనే వస్తాను. అప్పటికి కాళ్ళు గియ్యడం నేర్చుకో.

లాప

&nbsp;

ఫ్లోరెన్స్, జూలై 2

అక్కా,

ఉత్తరం చదివి నేను చేసిన కేకకి పక్క అంగడి వాళ్ళు పరిగెత్తుకొచ్చారు. నేను పోయానని అగ్నోలో గారితో కూడా చెప్పాను. "మంచిది, ఇక నుంచి తక్కువ కదులుతావు" అన్నారు. బొమ్మ తెచ్చే మనుషులకి కూడా నా గురించి అడిగితే మొహం వేలాడేసుకోమని నేర్పారు.

ఆసుపత్రికి వెళ్ళి పోయినవాళ్ళ పేర్ల పుస్తకం చూపించమన్నాను. అందులో అతని గురించి ఒకే వరస ఉంది. మేయో, ఉన్ని ఉతికేవాడు, కొండల నుంచి వచ్చాడు, చూడవచ్చినవాళ్ళు లేరు. ఫిబ్రవరిలో దగ్గుతో పోయాడు. నేను దీపం పట్టుకున్నది అతనికే.

పోయిన నీ తమ్ముడు, 
నెన్చో

&nbsp;

పేషా, ఆగస్టు 25

పోయిన నా తమ్ముడికి,

నిన్న పండుగ. బొమ్మ క్షేమంగా చేరింది, బలిపీఠం మీద నిలబెట్టారు. తెర తీయగానే అందరూ ముందుకి తోసుకొచ్చారు. గడ్డం పెట్టారు నీకు, బాగుంది. చెయ్యి పైకెత్తి, కళ్ళ నిండా నీళ్ళతో, ఇప్పుడే మాట్లాడబోతున్నట్టు నిలబడ్డావు. "పాపం, పోయేముందు ఈ బొమ్మకి ఒళ్ళిచ్చి పోయాడు" అని సంఘం పెద్ద కళ్ళు తుడుచుకున్నాడు. ఆయన అత్తగారు మాత్రం, "నేను చూసినప్పుడు నడుముకి ఆ గుడ్డ కూడా లేదు" అంది.

నోఫ్రి బొమ్మ దగ్గరికి వెళ్ళి చూసి, పునీతుడి చేతిలో కత్తి పట్టు తప్పన్నాడు. అగ్నోలో గారికి చెప్పు. నా ఫిర్యాదు వేరే. భుజం బాగుంది కానీ మోచేతి దగ్గర చర్మం అంత బిగుతుగా ఉండదు, నలభై దాటినవాడికి వదులవుతుంది. నిన్ను కుర్రవాణ్ణి చేశాడు.

వేలు అలాగే ఉంది. పీఠం మీద చేతికి సరిగ్గా అందే ఎత్తులో ఉంది. నిన్న పొద్దుటినుంచే ఆడవాళ్ళు దాన్ని తాకి కళ్ళకద్దుకుంటున్నారు, పంటి నొప్పికి మంచిదని ఎవరో అప్పుడే కనిపెట్టారు. అందరూ పోయాక నేనూ వెళ్ళి తాకాను. దుంగ జారవిడిచినందుకు నేను ఏనాడూ నిన్ను క్షమించమని అడగలేదు. నిన్న అడిగాను.

తర్వాత కత్తిమీద చెయ్యి పెట్టి, అందరి ముందూ చెప్పినట్టే ఇంకోసారి, నాకోసం చెప్పుకున్నాను. లాప, ఈ ఊళ్ళోనే ఉండి నా లందలు నేనే నడుపుతున్నాను. మేయో పేరున ఎనిమిదో పూజ చెప్పించాను. పాదిరీ గారు ఎవరని అడగలేదు, నోఫ్రి అడిగాడు. మా చుట్టమే అన్నాను.

ఒక్క సంగతి జాగ్రత్త. ఇవాళ పొద్దున్నే చర్చికి వెళ్ళేసరికి గెరార్దో అక్కడున్నాడు. నీ ముందు మోకాళ్ళమీద కూర్చుని, ఆ వేలుమీద చెయ్యి పెట్టి, లందలు ఎలాగైనా తనకి ఇప్పించమని ఏడుస్తూ వేడుకుంటున్నాడు. ఇక రోజూ వస్తాడట.

ఇవ్వకు.

నీ అక్క, 
లాప